నర్సమ్మ ‘మామూలు కాన్పే అవుతుంది’ అంటోంది, నమ్మొచ్చా?

ప్రశ్న: నాకు 23 ఏళ్లు. మాది తాడిపత్రి దగ్గర పల్లె. మొదటి కాన్పు, ఇప్పుడు 30 వారాలు. స్కానింగ్‌లో బిడ్డ మెడకు పేగు ఒక చుట్టు చుట్టుకుందన్నారు. అప్పటి నుంచి ఇంట్లో అందరూ ఆపరేషన్ మాటే ఎత్తుతున్నారు. ఆపరేషన్ అయితే నొప్పి ఉండదు, మంచి ముహూర్తం కూడా చూసుకోవచ్చని మావాళ్ల ఆలోచన. ‘ఎక్కువ తింటే బిడ్డ లావైపోతాది, కాన్పు కష్టమైతాది’ అని మా అత్త ఒక పూట తిండి తగ్గించమంటోంది. మా ఊరి ఏఎన్‌ఎం అక్క మాత్రం కార్డు చూసి, ‘నీకు మామూలు కాన్పే అవుతుంది, భయపడొద్దు’ అంటోంది. రక్తం (హిమోగ్లోబిన్) 9.2 ఉంది. బీపీ, షుగర్ లేవు. బిడ్డ తల కిందికే ఉందట. వచ్చే నెల జమ్మలమడుగు దగ్గర మా పుట్టింటికి వెళ్లాలి. డాక్టరు కాకుండా నర్సు చెప్పిన మాట నమ్మొచ్చా? కాన్పులో వాళ్లు ఏం చేయగలరు? లేబర్ రూములో అరుస్తారని, కొడతారని కూడా విన్నాను. నొప్పులంటే చాలా భయంగా ఉంది.

జవాబు: ముందు పేగు సంగతి తేల్చేద్దాం అమ్మా, మీ ఇంట్లో భయమంతా దాని చుట్టూనే తిరుగుతోంది. పుట్టే బిడ్డల్లో దాదాపు నలుగురిలో ఒకరికి మెడకు పేగు చుట్టు ఉంటుంది. కడుపులో ఉన్న బిడ్డ ముక్కుతో ఊపిరి తీసుకోదు. ప్రాణవాయువు వచ్చేదే ఆ పేగులోని రక్తం ద్వారా. కాబట్టి మెడ బిగిసి ఊపిరాడకపోవడం అనే మాటే ఉండదు. పేగులోని రక్తనాళాలు నలిగిపోకుండా వాటి చుట్టూ జిగురులాంటి మెత్తటి పదార్థం ఉంటుంది. పైగా 30 వారాలప్పుడు కనిపించిన చుట్టు బిడ్డ కదలికలతో ఊడిపోవచ్చు, లేనివాళ్లకు తర్వాత పడనూ వచ్చు. కాన్పులో తల బయటికి రాగానే నర్సు వేలితో బిడ్డ మెడ దగ్గర తడిమి చూస్తుంది. చుట్టు వదులుగా ఉంటే తల మీదుగా తప్పిస్తుంది. తప్పించలేనంత బిగుతుగా ఉంటే రెండు క్లాంపులు వేసి మధ్యలో కత్తిరిస్తుంది. ఇది లేబర్ రూములో రోజూ జరిగే పనే. కనిపెట్టుకోవాల్సింది ఒక్కటే, నొప్పులు పడేటప్పుడు బిడ్డ గుండె ఎలా కొట్టుకుంటోందన్నది. నిమిషానికి 110 నుంచి 160 మధ్య ఉండాలి. నొప్పి వచ్చి తగ్గాక కూడా గుండె వేగం పడిపోయి తేరుకోకుండా ఉంటే అప్పుడు ఆపరేషన్ ఆలోచన. పేగు చుట్టు ఒక్కటే చూపి ఇప్పటి నుంచే ఆపరేషన్ రాసిపెట్టుకోవాల్సిన పని లేదు.

ఇక నర్సు మాట. మీ ఏఎన్‌ఎం ఊరికే ధైర్యం చెప్పలేదు. తల కిందికి ఉండటం, బీపీ షుగర్ లేకపోవడం, ఒకే బిడ్డ, పాత ఆపరేషన్ కుట్లు లేకపోవడం, ఇవన్నీ కార్డులో చూసే ఆ మాట అని ఉంటుంది. అయితే ‘అవుతుంది’ అని హామీ ఇవ్వడం నర్సుకైనా డాక్టరుకైనా సాధ్యం కాదు. ‘అయ్యే అవకాశం బాగా ఉంది’ అన్నదే సరైన మాట. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం మన ఆంధ్రప్రదేశ్‌లో నూటికి 42 కాన్పులు ఆపరేషన్లే. ప్రైవేటు ఆసుపత్రుల్లో అయితే 63. అంతమందికీ అవసరం పడి చేసినవి కావు. ఆడమనిషికి తన ఒంటి సంగతి తనకు తెలియకపోవడం, భయం, పక్కన ధైర్యం చెప్పే మనిషి లేకపోవడం కూడా చాలామందిని ఆపరేషన్ దాకా తీసుకెళ్తాయి. ఈ మూడూ నర్సు చేతిలో ఉన్న పనులు. మొదటి కాన్పులో నొప్పులు గంటల తరబడి సాగుతాయి. డాక్టరు వచ్చి చూసి వెళ్తారు, ఆ గంటలన్నీ మీ దగ్గర ఉండేది నర్సే. ఆమెను లేబర్ రూములో మొదటిసారి చూసే బదులు ఈ పది వారాల్లోనే మీరు ఆమెతో పని చేయించుకోవాలి.

మొదటి పని రక్తం. 9.2 అంటే మధ్యస్థాయి రక్తహీనత. 11 ఉండాలి. మామూలు కాన్పులో కూడా కొంత రక్తం పోతుంది. రక్తం తక్కువున్న మనిషి ఆ నష్టాన్ని తట్టుకోలేదు, నొప్పులు పడే ఓపికా చాలదు. మీ స్థాయికి రోజుకు ఒక ఐరన్ మాత్ర చాలదు, రెండు వేసుకోవాలి. ఏఎన్‌ఎంను అడిగి మోతాదు కార్డు మీద రాయించుకోండి. చాలామంది మాత్రలు వేసుకుంటున్నా రక్తం పెరగదు, ఎందుకంటే ఐరన్‌నూ కాల్షియంనూ కలిపి మింగేస్తారు, లేదా మాత్ర వేసుకుని టీ తాగుతారు. రెండూ ఐరన్‌ను ఒంటికి పట్టనివ్వవు. కాల్షియం మాత్రలు పొద్దున, మధ్యాహ్నం అన్నం తిన్నాక వేసుకోండి. ఐరన్ సాయంత్రం ఒకటి, రాత్రి పడుకునే ముందు ఒకటి, నిమ్మకాయ నీళ్లతో. కాల్షియంకూ ఐరన్‌కూ కనీసం రెండు గంటలు ఎడం ఉండాలి, టీకి గంట. మలం నల్లగా వస్తే కంగారు పడొద్దు, మాత్ర వల్లే. వికారంగా ఉంటే మానేయకుండా ఏదైనా తిన్నాక వేసుకోండి. మలబద్ధకం వస్తే నీళ్లు, ఆకుకూరలు పెంచండి.

మీ అత్తగారి మాట ప్రేమతో అన్నదే, కానీ తిండి తగ్గిస్తే ఎక్కువగా నష్టపోయేది మీ రక్తం, మీ ఓపిక. బిడ్డ కూడా బరువు తక్కువగా పుట్టొచ్చు. అలాంటి బిడ్డ నొప్పుల ఒత్తిడికి తొందరగా అలిసిపోతుంది, అప్పుడు ఆపరేషన్ అవసరం ఇంకా పెరుగుతుంది. రోజూ తినేదాని మీద ఇంకో చిన్న భోజనం కలపండి. మన దగ్గర దొరికేవే చాలు. రాగి సంగటి, ఊరిబిండి, ఉలవచారు, పప్పుతో గోంగూరో చింతచిగురో, రోజుకొక గుడ్డు, చెనిక్కాయ బెల్లం ఉండ, పెరుగు. నెలకు దాదాపు రెండు కిలోలు బరువు పెరుగుతుండాలి. ఈ మాట మీరు చెబితే ఇంట్లో వినకపోవచ్చు. ఏఎన్‌ఎం ఇంటికి వచ్చినప్పుడు అత్తగారిని పక్కన కూర్చోబెట్టి ఆమెతోనే చెప్పించండి. కాన్పు నిర్ణయాలు ఇంట్లో పెద్దవాళ్లు తీసుకుంటారు కాబట్టి వాళ్లకు నచ్చజెప్పడం కూడా నర్సు పనిలో భాగమే.

బిడ్డ కదలికలు లెక్కపెట్టడం ఆమె దగ్గర నేర్చుకోండి. అన్నం తిన్నాక ఎడమ పక్కకు తిరిగి పడుకుని చెయ్యి పొట్ట మీద పెట్టుకోండి. రెండు గంటల్లో 10 కదలికలు రావాలి. మామూలుగా అరగంటలోనే వచ్చేస్తాయి. రాకపోయినా, రోజూ ఆడే బిడ్డ ఒక్కసారిగా నిదానించినట్టు అనిపించినా మర్నాటి దాకా చూడొద్దు, ఆ పూటే ఆసుపత్రికి వెళ్లి గుండె చప్పుడు వినిపించుకోండి. రోజూ ఎండ లేని వేళ అరగంట నడవండి. నేల మీద రెండు పాదాలూ కలిపి కూర్చుని మోకాళ్లు నెమ్మదిగా పైకీ కిందికీ ఆడించడం, గోడ పట్టుకుని గొంతుక్కూర్చుని లేవడం తుంటి కీళ్లకు మంచివి. మోకాళ్లు, అరచేతుల మీద వంగి నడుమును పైకి ఎత్తి దించడం నడుం నొప్పిని తగ్గిస్తుంది. 35వ వారం నుంచి వారానికి ఒకటి రెండుసార్లు శుభ్రమైన బొటనవేలికి కొబ్బరినూనె రాసుకుని యోని కింది అంచును లోపలి నుంచి కిందికీ పక్కలకూ ఐదు నిమిషాలు మెల్లగా సాగదీస్తే, మొదటి కాన్పులో చిరుగులు, కుట్లు పడటం తగ్గుతుంది. ఇది ఎలాగో ఏఎన్‌ఎంనో, స్టాఫ్ నర్సునో సిగ్గుపడకుండా అడగండి. ఉమ్మనీరు పోతున్నా, తెల్లబట్ట దురద ఉన్నా మాత్రం చేయొద్దు.

పుట్టింటికి వెళ్లేటప్పుడు మన వైపు జరిగే పొరపాటు ఒకటుంది. సీమంతం అయ్యాక పిల్ల వెళ్తుంది, కార్డు అత్తగారింటి బీరువాలో ఉండిపోతుంది, అక్కడి ఏఎన్‌ఎంకు ఈమె వచ్చినట్టే తెలియదు. నొప్పులు వచ్చిన రాత్రి కొత్త ఆసుపత్రిలో బ్లడ్ గ్రూపు దగ్గర్నుంచీ అన్నీ మొదటికొస్తాయి. మీరు 36 వారాలు దాటకముందే వెళ్లండి. కార్డు, స్కానింగ్ కాగితాలు, రక్తపరీక్షలు ఒకే సంచిలో పెట్టుకోండి. వెళ్లిన వారంలోపే అక్కడి ఆశా కార్యకర్త దగ్గర పేరు రాయించుకోండి. ప్రతి నెలా 9వ తేదీన ప్రభుత్వ ఆసుపత్రుల్లో గర్భిణులను డాక్టరు ఉచితంగా చూస్తారు, ఆ రోజు పోగొట్టుకోవద్దు. కాన్పు ఎక్కడన్నది కూడా అప్పుడే తేల్చుకోండి. మీకు రక్తం తక్కువ కాబట్టి, అవసరమైతే రక్తం ఎక్కించి ఆపరేషన్ చేయగల చోటే మంచిది. ప్రొద్దుటూరు జిల్లా ఆసుపత్రో, కడప రిమ్స్ పెద్దాసుపత్రో చూసుకోండి. వీలైతే పగటిపూట ఒకసారి వెళ్లి లేబర్ రూము ఎక్కడుందో, రాత్రి ఏ గేటు తెరిచి ఉంటుందో, తోడు మనిషిని రానిస్తారా లేదా అక్కడి సిస్టర్లనే అడగండి.

ఇక మీరు భయపడుతున్న ఘట్టం. నొప్పులు మొదలైన వెంటనే ఆసుపత్రికి పరుగెత్తడం వల్ల చాలా కాన్పులు దారి తప్పుతాయి. మొదటి దశ మెల్లగా నడుస్తుంది. గర్భాశయ ముఖద్వారం మెత్తబడి 5 సెంటీమీటర్లు తెరుచుకునే దాకా మొదటి కాన్పులో ఎన్నో గంటలు, ఒక్కోసారి ఒక పగలూ రాత్రీ పట్టొచ్చు. 2 సెంటీమీటర్లకే చేర్చుకుని మంచం మీద పడుకోబెడితే సాయంత్రానికి ‘నొప్పులు సాగట్లేదు’ అనే మాట వస్తుంది, తర్వాత నొప్పులు పెంచే డ్రిప్పు, తర్వాత ఆపరేషన్. నిజానికి అక్కడ ఆగింది ఏమీ లేదు, ఇంకా మొదలు కాలేదంతే. నొప్పులు ఐదు నిమిషాలకొకటి చొప్పున, ఒక్కోటి 40 సెకన్ల నుంచి నిమిషం దాకా, గంటసేపు విడవకుండా వస్తుంటే బయల్దేరండి. నడిస్తే తగ్గిపోయేవి దొంగనొప్పులు, నడిచినకొద్దీ పెరిగేవి అసలువి. మీ ఊరి నుంచి దూరం, రాత్రి బండి దొరకడం చూసుకుని కాస్త ముందే కదిలినా తప్పు లేదు, 108 ఉంది. నొప్పులతో పని లేకుండా వెంటనే వెళ్లాల్సినవి కొన్ని ఉన్నాయి. ఉమ్మనీరు పోవడం (ఆకుపచ్చగా ఉంటే మరీ తొందర), రక్తం పోవడం, తగ్గని తలనొప్పి, కళ్లు మసకలు, పొట్ట పైభాగంలో నొప్పి, జ్వరం, బిడ్డ కదలిక తగ్గడం.

లేబర్ రూములో మంచి నర్సు చేసే పని బయటికి పెద్దగా కనిపించదు. పొట్ట మీద చెయ్యి పెట్టి గడియారం చూస్తూ 10 నిమిషాల్లో ఎన్ని నొప్పులు వచ్చాయి, ఒక్కోటి ఎంతసేపు ఉందని లెక్కపెడుతుంది. నాలుగు, ఒక్కోటి 40 సెకన్లు దాటి ఉంటే కాన్పు బాగా సాగుతున్నట్టు. అర్ధగంటకోసారి, నొప్పి తగ్గుతుండగా మొదలుపెట్టి నిమిషం పాటు బిడ్డ గుండె వింటుంది. నాలుగు గంటలకోసారి లోపలి పరీక్ష. అంతకంటే ఎక్కువసార్లు చేతులు పెడితే ఇన్‌ఫెక్షన్ తప్ప లాభం లేదు. ఇవన్నీ ఒక చార్టులో రాసుకుంటూ పోతుంది. 5 సెంటీమీటర్ల తర్వాత గంటకొక సెంటీమీటరు తెరుచుకోకపోతే చెడిపోయినట్టే అని పాత లెక్క. ఇప్పుడు ప్రపంచ ఆరోగ్య సంస్థ అలా చూడొద్దంటోంది. తల్లీ బిడ్డా బాగుంటే మొదటి కాన్పుకు ఆ దశలో 12 గంటల దాకా పట్టొచ్చు. ఆ ఓపిక పట్టగల నర్సు, గుండె చప్పుడు తేడా రాగానే డాక్టరును పిలవగల నర్సు ఒకరే. ఆ రెండు పనులూ కలిపి చేయడమే ఆమె చదువు. ఇలా కాన్పులు చూసే నర్సుల కోసమే 2018లో కేంద్ర ప్రభుత్వం 18 నెలల మిడ్‌వైఫరీ శిక్షణ మార్గదర్శకాలు ఇచ్చింది.

భయం గురించి ఒక మాట. భయపడ్డప్పుడు ఒంట్లో ఊరే అడ్రినలిన్ నొప్పులు తెప్పించే ఆక్సిటోసిన్‌ను అణిచేస్తుంది. అందుకే ఇంట్లో చక్కగా వచ్చిన నొప్పులు ఆసుపత్రిలో అడుగుపెట్టగానే ఒక్కోసారి ఆగిపోతాయి. దీనికి మందు తోడు మనిషే. తోడుగా ఒక ఆడమనిషిని లేబర్ రూములోకి రానివ్వాలని 2016 నుంచీ ప్రభుత్వ మార్గదర్శకాల్లో ఉంది. కాన్పు అనుభవం ఉన్న మనిషి అయి ఉండాలి, అంటురోగాలేవీ ఉండకూడదు, శుభ్రమైన బట్టలతో రావాలి, చివరిదాకా ఉండాలి. మీ అమ్మగారైనా, పిన్నిగారైనా సరే, వాళ్లకు ముందే పని నేర్పించండి. నొప్పి వచ్చినప్పుడు నడుం కింద, పిరుదుల చీలిక మొదలయ్యే చోట ఎముక మీద అరచేతి మడమతో గట్టిగా అదిమి పట్టాలి, తగ్గాక వదలాలి. వెన్నునొప్పి ఎక్కువున్నవాళ్లకు ఇది బాగా ఉపశమనం ఇస్తుంది. మీరు ముక్కుతో నాలుగంకెలు గాలి పీల్చి, నోటితో ఆరంకెలు వదలండి. పళ్లు బిగించొద్దు, దవడ వదులుగా ఉంచండి. వెల్లకిలా పడుకోవద్దు. గర్భసంచి బరువు పెద్ద రక్తనాళాల మీద పడి బిడ్డకు రక్తం తగ్గుతుంది. నడవండి, మంచం రాడ్డు పట్టుకుని ఊగండి, అలిసిపోతే ఎడమ పక్కకు తిరగండి. నిలబడి, నడుస్తూ నొప్పులు పడేవాళ్లకు మొదటి దశ గంటకు పైగా తగ్గుతుందని పరిశోధనల్లో తేలింది. పలచటి రాగి జావ, మజ్జిగ, కొబ్బరినీళ్లు తాగొచ్చేమో సిస్టరును అడిగి తాగుతుండండి. రెండు గంటలకోసారి మూత్రానికి వెళ్లండి. మూత్రసంచి నిండి ఉంటే తల కిందికి దిగదు.

ముఖద్వారం పూర్తిగా తెరుచుకోకముందే ‘ముక్కు, ముక్కు’ అని చుట్టూ ఉన్నవాళ్లు తొందరపెడుతుంటారు. అప్పుడు ముక్కితే ముఖద్వారం వాచిపోతుంది, దారి ఇంకా ఇరుకవుతుంది, అసలు వేళకు మీకు ఓపిక మిగలదు. సిస్టరు చూసి చెప్పేదాకా నోటితో ‘ఉఫ్ ఉఫ్’ అని గాలి వదులుతూ ఉండండి. పూర్తిగా తెరుచుకున్నాక, ముక్కాలని మీకే అనిపించినప్పుడు ముక్కండి, ఊపిరి మరీ ఎక్కువసేపు బిగబట్టకుండా. మొదటి కాన్పులో ఈ దశకు మూడు గంటల దాకా పట్టొచ్చు. తల అంచు దగ్గరికి వచ్చినప్పుడు మాత్రం సిస్టరు ‘ఆపు’ అంటుంది. అక్కడ ఆమె మాట అక్షరాలా వినండి. ముక్కడం ఆపి చిన్నచిన్న ఊపిరులు తీస్తే, ఆమె ఒక చేత్తో తలను నెమ్మదిగా రానిస్తూ రెండో చేత్తో వేడినీళ్లలో తడిపిన గుడ్డను కింద ఆనించి పట్టుకుంటుంది. పెద్ద చిరుగులు తప్పించేది ఆ ఒక్క నిమిషమే.

అరవడం, కొట్టడం గురించి అడిగారు. అది తప్పు. ఏ పరిస్థితిలోనూ ఒప్పుకోవాల్సిన పని లేదు. మోచేత్తో పొట్టను పైనుంచి నొక్కడమూ తప్పే. గర్భసంచి చిరిగే ప్రమాదం ఉంది. అందరికీ అలవాటుగా కోసి కుట్లు వేయడం, ఎనిమా ఇవ్వడం అవసరం లేదని ప్రపంచ ఆరోగ్య సంస్థ స్పష్టంగా చెప్పింది. నొప్పులు పెంచే ఇంజక్షన్ బిడ్డ పుట్టకముందు కండకు వేయకూడదు. అవసరమైతే సెలైన్‌లో కలిపి చుక్కలు లెక్కపెడుతూ, గుండె చూస్తూ ఇవ్వాలి. లోపలికి వెళ్లగానే మీరుగానీ మీ అమ్మగారుగానీ సిస్టరుతో నెమ్మదిగా ఇలా చెప్పండి: ‘ఇది నాకు మొదటి కాన్పు సిస్టర్, భయంగా ఉంది. ఏది చేసినా ముందు చెప్పి చేయండి, తెర వేయండి.’ ఇంత చెప్పడం వల్లే చాలాచోట్ల మాట తీరు మారుతుంది. మారకపోతే తోడు మనిషి వెళ్లి డ్యూటీ డాక్టరుకు, ఆసుపత్రి సూపరింటెండెంటుకు చెప్పొచ్చు.

బిడ్డ పుట్టిన నిమిషంలోపే మీ తొడకు 10 యూనిట్ల ఆక్సిటోసిన్ వేయాలి, రక్తం ఎక్కువ పోకుండా ఆపేది అదే. మీకు రక్తం తక్కువ కాబట్టి అది వేశారా అని మీ అమ్మగారు అడగాలి. బిడ్డను తుడిచి మీ ఒంటి మీదే పడుకోబెట్టి, పేగును 1 నుంచి 3 నిమిషాలు ఆగి కోస్తే మాయలోని రక్తం బిడ్డకు చేరి బిడ్డకైనా ఐరన్ నిల్వ ఉంటుంది. మొదటి గంటలోనే పాలు పట్టాలి. తర్వాత రెండు గంటలు, పావుగంటకోసారి నర్సు పొట్ట మీద చెయ్యి పెట్టి గర్భసంచి గట్టిపడిందో లేదో చూడాలి. ఐదు నిమిషాల్లోనే గుడ్డ పూర్తిగా తడిసిపోతే అరిచి పిలవండి.

ఆపరేషన్‌లో నొప్పి ఉండదన్నది కోసేటప్పటి మాటే. మత్తు దిగాక లేవడానికి, బిడ్డను ఎత్తుకోవడానికి రోజుల తరబడి నొప్పే. పోయే రక్తం మామూలు కాన్పుకు రెట్టింపు దాకా ఉంటుంది. 9.2 ఉన్న మీకు అది చిన్న విషయం కాదు. తర్వాతి కాన్పుల్లో మాయ పాత కుట్టు మీద అతుక్కునే ప్రమాదమూ ఉంది. ముహూర్తం కోసం 39 వారాలు నిండకముందే తీస్తే బిడ్డకు ఊపిరి కష్టమై అద్దాల పెట్టెలో పెట్టాల్సి రావచ్చు. ఇవి మీ వాళ్లకు చదివి వినిపించండి. అదే సమయంలో, బిడ్డ అడ్డం తిరిగినా, మాయ దారికి అడ్డంగా ఉన్నా, బీపీ పెరిగి అదుపు తప్పినా, బిడ్డ గుండె చప్పుడు పడిపోయినా, నొప్పులు బాగా ఉండి కూడా తల దిగకపోయినా ఆపరేషనే ప్రాణాలు కాపాడుతుంది. అప్పుడు ‘ఎందుకు, ఎంత తొందర, ఆగితే ఏమవుతుంది’ అని మూడు మాటలు అడగండి. డాక్టరు చెప్పింది అర్థం కాకపోతే సిస్టరును మళ్లీ చెప్పమనండి. విని, ఒప్పుకుని, సంతకం పెట్టండి. అలాంటి ఆపరేషన్ వల్ల మీరు ఓడిపోయినట్టు కాదు.

ఈ వారం చేయాల్సింది, కార్డు తీసుకుని ఏఎన్‌ఎం దగ్గరికి వెళ్లి మాత్రల మోతాదు మార్పించుకోవడం. సరిగ్గా నెలకు మళ్లీ రక్తం చూపించుకోండి. కనీసం 1 గ్రాము పెరిగి ఉండాలి. పెరగకపోతే అక్కడితో ఆగకుండా పెద్దాసుపత్రికి వెళ్లి సెలైన్ ద్వారా ఐరన్ ఎక్కించమని అడగండి. అప్పటికి మీకు 34 వారాలు, ఇంకా టైము ఉంది.